ఆపితే ఆగే స్విచ్

టెస్లా కాయిల్‌లో స్పార్క్ గ్యాప్ అంటే ఒక స్విచ్. ఈ సంగతి మరచిపోవడం వల్లే దాని చుట్టూ సగం గందరగోళం. రెండు లోహపు మొనలు, మధ్య కొన్ని మిల్లీమీటర్ల గాలి. వోల్టేజి చాలినంత పెరిగితే గాలి చీలి కరెంటు పారుతుంది. అంతే దాని పని. కాకపోతే ఆ పనిని చెవులు గింగురుమనే చప్పుడుతో, కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుతురుతో చేస్తుంది కాబట్టి చాలామంది దాన్నే కాయిల్‌కు ప్రాణం అనుకుంటారు. అభిరుచి కొద్దీ ఈ కాయిల్స్ కట్టేవాళ్లు గడచిన ఇరవై ఏళ్లలో గ్యాప్‌ను వదిలి మాస్‌ఫెట్, ఐజీబీటీ వంటి అర్ధవాహక స్విచ్‌ల వైపు పెద్ద సంఖ్యలో మళ్లారు. ఎందుకని అడిగితే సామర్థ్యం ఎక్కువ, రొద తక్కువ, పైగా కొత్త టెక్నాలజీ అంటారు. ఇవి అబద్ధాలు కావు గాని, అసలు కారణాలూ కావు. స్విచ్‌గా బలాబలాలు తూచితే సిలికాన్ గాలి ముందు నిలబడదు. గాలి ఇరవై వేల వోల్టులను ఆపగలదు, వందల ఆంపియర్లను చెక్కుచెదరకుండా మోయగలదు, ఎంత కాలినా మరుక్షణం కొత్త గాలి వచ్చి ఆ చోట చేరుతుంది. వేలెడంత ట్రాన్సిస్టర్ అందులో పదో వంతు వోల్టేజికే చచ్చిపోతుంది. అయినా సిలికానే నెగ్గింది. దానికున్న ఒకే ఒక్క గుణం చాలింది: ఆపమంటే ఆగుతుంది. ఆ గుణాన్ని వాడుకోవడం కోసం కాయిల్ సర్క్యూట్‌నే తిరగరాయాల్సి వచ్చింది. కాబట్టి గ్యాప్ స్థానంలో ట్రాన్సిస్టర్ వచ్చిందనడం కంటే, ట్రాన్సిస్టర్ కోసం వేరే యంత్రమే పుట్టిందనడం నిజానికి దగ్గర.

పాత యంత్రం ఎలా పనిచేస్తుందో కాస్త లెక్కతో చూద్దాం. ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఇంటి కరెంటును పది పదిహేను వేల వోల్టులకు పెంచి కెపాసిటర్‌ను నింపుతుంది. కెపాసిటర్‌కూ, లావు రాగి గొట్టంతో పది చుట్లు చుట్టిన ప్రైమరీకీ మధ్య గ్యాప్ ఉంటుంది. మామూలు గాలి సెంటీమీటరుకు సుమారు 30 వేల వోల్టుల దగ్గర చీలుతుంది. ఆ హద్దు దాటగానే గ్యాప్‌లోని గాలి వాహకమై, కెపాసిటర్‌లోని శక్తి ప్రైమరీలోకీ, మళ్లీ కెపాసిటర్‌లోకీ సెకనుకు లక్ష సార్ల చొప్పున ఊగడం మొదలవుతుంది. ప్రైమరీ నడుమ నిలబెట్టిన సెకండరీలో సన్నటి తీగ వెయ్యి చుట్లదాకా ఉంటుంది. దాని నెత్తిన లోహపు టోరాయిడ్. ఈ రెండూ కలిసి అదే ఫ్రీక్వెన్సీకి శ్రుతి చేసి ఉంటాయి కనుక అనునాదం వల్ల శక్తి అటు జారుతుంది. చుట్ల నిష్పత్తి కొద్దీ వోల్టేజి పెరుగుతుందని పాఠాల్లో తరచు చెబుతారు. ఇక్కడ అది వర్తించదు. కెపాసిటర్ 10 నానోఫారడ్‌లు, 20 వేల వోల్టులు అనుకుంటే దానిలో ఉన్న శక్తి 2 జౌళ్లు. సెకండరీ పైకొస కెపాసిటెన్స్ 30 పికోఫారడ్‌లు మాత్రమే. ఆ 2 జౌళ్లూ అంత చిన్న కెపాసిటెన్స్‌లో సర్దుకోవాలంటే వోల్టేజి 3 లక్షల 65 వేలకు ఎగబాకాలి. చుట్లు ఎన్నున్నా ఈ హద్దు మారదు. రెండు కెపాసిటెన్స్‌ల నిష్పత్తికి వర్గమూలమే దాన్ని తేలుస్తుంది. నిజానికి అంతదాకా పోకముందే టోరాయిడ్ అంచు నుంచి మెరుపు బయటికి దూకుతుంది.

చిక్కు అంతా ఆ తర్వాతే. ప్రైమరీ, సెకండరీల జోడింపు గుణకం 0.15 అయితే, శక్తి మొత్తం సెకండరీలోకి చేరడానికి మూడు డోలనాలకు కొంచెం ఎక్కువ పడుతుంది. లక్ష హెర్ట్జ్ దగ్గర అది 33 మైక్రోసెకన్లు. సరిగ్గా ఆ క్షణాన ప్రైమరీ దారి మూసుకుపోతే శక్తి సెకండరీలోనే చిక్కుకుని మెరుపుకు ఆహారమవుతుంది. గ్యాప్ మాత్రం మూసుకోదు. అందులోని గాలి ఇంకా వేడిగా, అయాన్లతో నిండి, కరెంటుకు దారిస్తూనే ఉంటుంది. దాంతో శక్తి వచ్చిన దారినే ప్రైమరీకి తిరిగిపోతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. ప్రతి రాకపోకలోనూ గ్యాప్‌లో వేడిగా కొంత కరిగిపోతుంది. గ్యాప్ ప్రెషర్ కుక్కర్ మీది విజిల్ లాంటిది: ఒత్తిడి చాలినప్పుడు తనంతట తానే లేస్తుంది, ఎప్పుడు దిగాలో కూడా తనే తేల్చుకుంటుంది. దాన్ని త్వరగా దించడానికి నూరేళ్లకు పైగా తంటాలు పడ్డారు. ఒక పెద్ద ఖాళీని చిన్న చిన్న ఖాళీల వరుసగా విడగొట్టారు, ఫ్యాన్లతో గాలి ఊదారు, మొనలను మోటారుకు బిగించి తిప్పారు. జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ వీన్ 1906లో దగ్గర దగ్గరగా పేర్చిన చల్లటి లోహపు పలకల మధ్య నిప్పురవ్వ తొందరగా ఆరిపోతుందని చూపించాడు. ఇవన్నీ గ్యాప్‌ను బతిమాలే పద్ధతులు. ఆజ్ఞాపించే పద్ధతి ఒక్కటీ లేదు.

టెస్లా వాడింది గ్యాపే కదా, దాన్ని తీసేస్తే అది టెస్లా కాయిల్ ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. చరిత్ర ఈ ప్రశ్నకు అనుకూలంగా లేదు. టెస్లా హై ఫ్రీక్వెన్సీ ప్రయోగాలు మొదలుపెట్టింది గ్యాప్‌తో కాదు, సెకనుకు పది వేల డోలనాలను మించిన కరెంటు ఇచ్చే ప్రత్యేకమైన ఆల్టర్నేటర్లతో. తిరిగే చక్రం అంతకంటే వేగంగా తిరగలేదు కాబట్టి కెపాసిటర్‌ను నిప్పురవ్వతో ఖాళీ చేసే పద్ధతికి మళ్లాడు. 1891లో దాని మీద పేటెంటు పొందాడు. ఆపైన కూడా గ్యాప్‌తో సరిపెట్టుకోలేదు. కరెంటును కచ్చితమైన వేళకు తెంచే సాధనాల కోసం వెతుకుతూ, పాదరసం వాడే యాంత్రిక స్విచ్‌లతో సహా ఒక వరుస పేటెంట్లు 1898లో తీసుకున్నాడు. గ్యాప్ ఆయన ఆదర్శం కాదు, అప్పటికి దొరికినదానితో ఆయన కుదుర్చుకున్న రాజీ. రేడియో కూడా ఇదే దారిలో నడిచింది. 1912లో మునిగిన టైటానిక్ నౌక సహాయం కోసం పంపిన సంకేతాలు స్పార్క్ ట్రాన్స్‌మిటర్‌వే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వాక్యూమ్ ట్యూబులు వచ్చి స్పార్క్‌ను తరిమేశాయి. ట్యూబులు మరింత బలమైనవని కాదు. డోలనాన్ని ఆరిపోనివ్వకుండా, చెప్పినంత సేపు, చెప్పినంత ఎత్తులో నిలిపి ఉంచగలవని. అంతకంటే ముందే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ నిప్పురవ్వతో తరంగాలు పుట్టించి, వాటిని గలీనా స్ఫటికంతో పట్టుకున్నాడు. ఆ గ్రాహకానికి అమెరికా పేటెంటు 1904లో దక్కింది. అర్ధవాహకం తరంగాన్ని వినే కొసకు అప్పుడే చేరింది. తరంగాన్ని పుట్టించే కొసకు, అదీ కిలోవాట్ల స్థాయిలో, చేరడానికి ఇంకో ముప్పావు శతాబ్దం పట్టింది.

అర్ధవాహక స్విచ్ చేతికొచ్చాక ఎవరికైనా మొదట తోచేది, గ్యాప్ ఉన్నచోటే దాన్ని పెట్టడం. ఇది ఎందుకు కుదరదో చూస్తే మిగతాదంతా అర్థమవుతుంది. గ్యాప్‌లో కరెంటు పారనంతసేపు కెపాసిటర్ వోల్టేజి మొత్తం దాని మీదే ఉంటుంది. ఆ 20 వేల వోల్టులకు ఎదురు నిలవాలంటే 1200 వోల్టుల ఐజీబీటీలను ఇరవై దాకా వరుసగా పేర్చాలి. వాటిలో ఏ ఒక్కటి మిగతావాటికంటే కాస్త ఆలస్యంగా మేలుకున్నా, అందరి వోల్టేజీ దాని నెత్తిన పడి అది పేలిపోతుంది. ఈ పని చేసి చూపినవాళ్లు లేకపోలేదు. వాళ్ల ఓపికకు దండం పెట్టాలి. రెండో దారి, వోల్టేజినే తగ్గించడం. ఇంటి 230 వోల్టుల కరెంటును నేరుగా డీసీగా మారిస్తే 325 వోల్టులు వస్తాయి, ఒక్క ఐజీబీటీకి అది నల్లేరు మీద నడక. కాని అదే 2 జౌళ్లను 325 వోల్టుల దగ్గర దాచాలంటే 10 నానోఫారడ్‌లు చాలవు, 38 మైక్రోఫారడ్‌లు కావాలి. అదే లక్ష హెర్ట్జ్ దగ్గర ఊగాలంటే ప్రైమరీ ఇండక్టెన్స్ 0.067 మైక్రోహెన్రీకి దిగాలి. బెత్తెడు తిన్నటి తీగకే ఇంచుమించు అంత ఇండక్టెన్స్ ఉంటుంది! ఇక చుట్టడానికి ఏముంది? అప్పుడు పారే కరెంటు గరిష్ఠంగా 7,700 ఆంపియర్లు. గ్యాప్ ఉన్న పాత సర్క్యూట్‌లో అదే శక్తికి 126 ఆంపియర్లు చాలేవి. వోల్టేజి తగ్గించి స్విచ్‌ను కాపాడబోతే కరెంటు వచ్చి దాన్ని మింగేస్తుంది.

2000 దశకం తొలి సగంలో ఔత్సాహికులు పట్టుకున్న పరిష్కారం చాలా తెలివైనది. శక్తినంతా ముందే దాచి ఒక్క దెబ్బలో వదలాలన్న షరతును వాళ్లు ఎత్తేశారు. ప్రైమరీకి వరుసగా ఒక కెపాసిటర్ కలిపి దాన్నీ అనునాద సర్క్యూట్‌గానే ఉంచారు. దానికి నాలుగు ఐజీబీటీల బ్రిడ్జి ద్వారా 325 వోల్టుల చతురస్ర తరంగాన్ని, సరిగ్గా ఆ సర్క్యూట్ ఊగే లయలోనే, అటొకసారి ఇటొకసారి అందించారు. ప్రైమరీ, సెకండరీ రెండూ అనునాదంలో ఉంటాయి కనుక దీన్ని డ్యూయల్ రెజొనెంట్ సాలిడ్ స్టేట్ టెస్లా కాయిల్ అంటారు, ముద్దుగా డీఆర్‌ఎస్‌ఎస్‌టీసీ. ప్రైమరీ లక్షణ నిరోధం, అంటే అందులో ఊగే వోల్టేజికీ కరెంటుకూ ఉన్న నిష్పత్తి, 50 ఓమ్‌లు అనుకుందాం. ప్రతి అర్ధ డోలనానికీ కరెంటు 13 ఆంపియర్ల చొప్పున పెరుగుతుంది. పది డోలనాలు గడిచేసరికి, అంటే 100 మైక్రోసెకన్లలో, 260 ఆంపియర్లకు చేరుతుంది. అప్పటికి ప్రైమరీ కెపాసిటర్ మీద వోల్టేజి 13 వేలు, సర్క్యూట్‌లో ఊగుతున్న శక్తి 2.7 జౌళ్లు. నష్టాలనూ సెకండరీ లాక్కునే వాటానూ వదిలేసి వేసిన లెక్క ఇది. నిజమైన కాయిల్‌లో అంకెలు తగ్గుతాయి, తీరు మాత్రం ఇదే. ఈ 13 వేల వోల్టులలో ఐజీబీటీలకు తగిలేది ఎంత? 325 మాత్రమే. గ్యాప్ పెద్ద వోల్టేజికి ఎదురుగా నిలబడాల్సిన స్విచ్. ఇక్కడ పెద్ద వోల్టేజి కాయిల్‌కూ కెపాసిటర్‌కూ మధ్యనే పుట్టి అక్కడే అణగిపోతుంది, స్విచ్ పక్కన ఉండి లయ అందిస్తుంది. ఈ ఏర్పాటు పని చెయ్యాలంటే సెకనుకు రెండు లక్షల సార్లు దిశ మార్చగల స్విచ్ కావాలి. గ్యాప్‌తో ఇది ఎన్నటికీ కాదు.

దిశ మార్చడంలోనూ ఒక సూక్ష్మం ఉంది. 300 ఆంపియర్లు పారుతుండగా, 325 వోల్టుల దగ్గర ఐజీబీటీని ఆఫ్ చేస్తే ఆ కొద్ది వందల నానోసెకన్లలో దాని లోపల లక్ష వాట్ల దాకా వేడి పుడుతుంది. పైగా ఐజీబీటీ ఆగినా దానిలో మిగిలిపోయిన ఆవేశాల వల్ల కరెంటు తోక కాసేపు ఈడుస్తూనే ఉంటుంది. తయారీదారులు చాలా ఐజీబీటీలను 20, 30 కిలోహెర్ట్జ్‌కే సిఫారసు చేసేది అందుకే. ఈ కాయిల్స్‌లో అవే ఐజీబీటీలు వంద కిలోహెర్ట్జ్ దాటి బతుకుతున్నాయంటే కారణం, కరెంటు సున్నా దాటే క్షణంలోనే వాటిని తిప్పడం. ఆ క్షణాన్ని పట్టడానికి ప్రైమరీ తీగకు ఒక ఫెర్రైట్ రింగ్ కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ తొడుగుతారు. దాని సంకేతమే డ్రైవర్ బోర్డును నడిపిస్తుంది. అయితే ఆ సంకేతం కంపారేటర్, గేట్ డ్రైవర్, గేట్ ట్రాన్స్‌ఫార్మర్ దాటి ఐజీబీటీని చేరేసరికి అర మైక్రోసెకను గడిచిపోయిందనుకోండి. లక్ష హెర్ట్జ్ దగ్గర అది 18 డిగ్రీల ఆలస్యం. సున్నా దగ్గర ఆగాల్సిన స్విచ్ 90 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. అందుకని కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఒక చిన్న సర్దుబాటు ఇండక్టర్ పెట్టి, సంకేతాన్ని ఆ ఆలస్యం మేరకు ముందే వచ్చేలా జరుపుతారు. స్క్రూడ్రైవర్‌తో దాని కోర్‌ను తిప్పుతూ, ఆసిలోస్కోప్ తెర మీద స్విచ్చింగ్ అంచు సున్నా దగ్గరికి జరగడం చూడటంలో ఉన్న తృప్తి ముందు, గ్యాప్ మొనలకు గరుకు కాగితం రుద్దడం ఏపాటి?

ఈ ఫీడ్‌బ్యాక్ ఐజీబీటీని కాపాడటంతో ఆగదు. టోరాయిడ్ నుంచి బయటికి పాకిన మెరుపు కూడా ఒక వాహకమే కాబట్టి అది సెకండరీకి అదనపు కెపాసిటెన్స్‌గా తగులుతుంది. అడుగు మెరుపుకు ఒక పికోఫారడ్ అన్నది కాయిలర్లు, అంటే కాయిల్స్ కట్టేవాళ్లు, వాడే మోటు లెక్క. 30 పికోఫారడ్‌ల సెకండరీ నుంచి అయిదడుగుల మెరుపు లేస్తే అనునాద ఫ్రీక్వెన్సీ ఏడు శాతానికి పైగా పడిపోతుంది. అంటే మెరుపు పెరిగేకొద్దీ కాయిల్ తన శ్రుతి తానే చెడగొట్టుకుంటుంది. గ్యాప్ కాయిల్‌లో శ్రుతిని నిర్ణయించే ప్రైమరీ ట్యాపింగ్ ఒకచోట బిగించి ఉంటుంది. అందుకే అనుభవజ్ఞులు మెరుపును ముందే ఊహించి కాస్త దిగువకు శ్రుతి చేస్తారు. అది మెరుపు ప్రయాణంలో ఒక్క బిందువు దగ్గరే సరిపోతుంది. ఫీడ్‌బ్యాక్ ఉన్న డ్రైవర్ మారుతున్న ఫ్రీక్వెన్సీని ప్రతి డోలనానికీ అనుసరిస్తుంది.

ఇక ఎంతసేపు అన్నది. గ్యాప్ ఇచ్చేది ఎప్పుడూ ఒకే రకం దెబ్బ: మొదట్లో ఉధృతంగా, తర్వాత ఆరిపోతూ. సిలికాన్‌కు 80 మైక్రోసెకన్లు అంటే 80, 150 అంటే 150. సెకనుకు ఎన్ని దెబ్బలన్నదీ మన చేతిలోనే. ప్రతి దెబ్బకూ మెరుపు దారిలోని గాలి వేడెక్కి వ్యాకోచించి ఒక చప్పుడవుతుంది. సెకనుకు 440 దెబ్బలిస్తే పాశ్చాత్య వాద్యబృందాలు శ్రుతి చూసుకునే స్వరం వినిపిస్తుంది. అమెరికాలో స్టీవ్ వార్డ్ 2007లో ఇలాంటి పాటలు పాడే కాయిల్‌ను జనం ముందు నడిపాడు. టెక్సస్‌లోని ఆస్టిన్‌కు చెందిన ఆర్క్‌అటాక్ బృందం 2010లో దీన్ని టీవీ వేదిక మీదికే ఎక్కించింది. పాటలు పాడించడం చూడముచ్చటే గాని, శాస్త్రం దృష్టిలో అంతకంటే విలువైన ప్రయోగం వేరే ఉంది. బ్రిడ్జికి ఇచ్చే వోల్టేజిని ఒక్కసారిగా కాక పది ఇరవై మిల్లీసెకన్ల పాటు వాలుగా పెంచుతూ పోతే మెరుపు కొమ్మలు వెయ్యడం మానేసి కత్తిలా తిన్నగా, సెకండరీ పొడవుకు ఎన్నో రెట్లు సాగుతుంది. అప్పుడు సెకండరీ మీద వోల్టేజి లక్షల్లో కూడా ఉండదు, పదుల వేలల్లోనే ఉంటుంది. మెరుపు పొడవు వోల్టేజిని బట్టి అన్న నమ్మకాన్ని ఇది పక్కకు నెట్టేస్తుంది. ఆలోచిస్తే గ్యాప్ కాయిల్ కూడా దాన్ని ఎప్పుడో కాదంది. సెంటీమీటరుకు 30 వేల వోల్టుల లెక్కన ఒకటిన్నర మీటర్ల మెరుపుకు 45 లక్షల వోల్టులు కావాలి. మన ఉదాహరణలో ఉన్నవి మూడున్నర లక్షలే. నిజానికి మెరుపు ఒక్క గంతులో పుట్టదు. ముందు పుట్టిన కాలువ వేడిగా ఉండగానే దాని కొస నుంచి మరికొంత పాకుతుంది. వేడి గాలి పలచబడి ఉంటుంది కనుక తక్కువ వోల్టేజికే దారిస్తుంది. కాబట్టి శక్తిని ఎంత ఇస్తామన్న దానితోపాటు ఏ వేళకు, ఎంత నెమ్మదిగా ఇస్తామన్నదీ ముఖ్యం. ఆ వేళలను మార్చి చూసే వీలు గ్యాప్ ఇవ్వలేదు, సిలికాన్ ఇచ్చింది.

సామర్థ్యం అసలు కారణం కాదని మొదట్లో అన్నాను, దానికి ఆధారం చెప్పాలి. కాయిలర్లలో చాలాకాలంగా ఒక సూత్రం చెలామణిలో ఉంది: వాట్లలో ఉన్న శక్తికి వర్గమూలం తీసి 4.3తో గుణిస్తే బాగా శ్రుతి చేసిన కాయిల్ ఇచ్చే మెరుపు పొడవు సెంటీమీటర్లలో వస్తుంది. కిలోవాట్‌కు 136 సెంటీమీటర్లు. సిలికాన్ కాయిల్ ఈ సూత్రాన్ని దాటితే సామర్థ్యం గెలిచిందని చాటుకోవడం మామూలే. అయితే ఆ సూత్రం గ్యాప్ కాయిల్స్ నుంచి పుట్టింది, సెకనుకు వంద, నూట ఇరవై దెబ్బల దగ్గర. సెకనుకు అయిదే దెబ్బలిచ్చి ఒక్కొక్కటీ బలంగా ఇస్తే సగటు వాట్లు పడిపోతాయి, మెరుపు పొడవు అంతగా పడదు, సూత్రం ఓడిపోయినట్టు కనిపిస్తుంది. ఇందులో సామర్థ్యం గొప్ప ఏమీ లేదు. గ్యాప్‌లో వృథా అయ్యే వేడి తగ్గిన మాట నిజమే. దానికి బదులు ప్రైమరీలో వందల ఆంపియర్లు పదేసి డోలనాల పాటు తిరుగుతూ రాగిని వేడెక్కిస్తాయి. లాభనష్టాలు కలిపి చూస్తే సిలికాన్ ముందే ఉంటుంది, కాని ఊరేగించేంత దూరంలో కాదు.

గ్యాప్ పక్షాన గట్టి అభ్యంతరం మన్నికది. మొనలు అరిగితే జరుపుకోవచ్చు. ఐజీబీటీకి రెండో అవకాశం ఉండదు. షార్ట్ సర్క్యూట్‌ను తట్టుకునేలా చేసినవాటికి కూడా తయారీదారులు హామీ ఇచ్చేది 10 మైక్రోసెకన్ల వరకే. చచ్చేటప్పుడు అవి తెరుచుకోవు, షార్ట్ అవుతాయి. బ్రిడ్జి వెనక ఉన్న పెద్ద కెపాసిటర్ల శక్తంతా ఆ ముక్కలో పడి అది తూటాలా పేలుతుంది. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారెయ్యలేం. దానికి జవాబు మళ్లీ ఆగే గుణంలోనే ఉంది: కరెంటు పెట్టిన హద్దు దాటగానే డ్రైవర్ ఆ దెబ్బను మధ్యలోనే కత్తిరించి, ఐజీబీటీని తర్వాతి సున్నా దగ్గర ఆపేస్తుంది. హద్దు సరిగా పెట్టిన కాయిల్స్ ఏళ్ల తరబడి నడుస్తాయి. ఆసిలోస్కోప్ లేకుండా ఈ హద్దులు పెట్టాలనుకోవడం మాత్రం కళ్లకు గంతలు కట్టుకుని వాహనం నడపడమే. స్కోప్ అందని వాళ్లకు సిలికాన్ మార్గం చౌక అని చెప్పడం న్యాయం కాదు. ఇంకో అభ్యంతరం పెద్ద కాయిల్స్‌ది. న్యూజీలాండ్‌లోని గిబ్స్ ఫార్మ్‌లో 1998 నాటి ఎలక్ట్రమ్ 130 కిలోవాట్లతో ఇప్పటికీ ప్రపంచ ప్రసిద్ధం. అది గ్యాప్ కాయిల్. లాస్ ఏంజెలిస్ గ్రిఫిత్ అబ్జర్వేటరీలో ప్రదర్శించే కాయిల్ 1910లో తయారైంది, అదీ గ్యాప్‌దే. కాని ఈ రెండూ డ్యూయల్ రెజొనెంట్ పద్ధతి వ్యాపించక ముందువి. వాటి ఉనికి గ్యాప్ పెద్ద పనులు చెయ్యగలదని చెబుతుంది; సిలికాన్ చెయ్యలేదని చెప్పదు.

భద్రత విషయంలో రెండు పక్షాలూ తమను తాము మభ్యపెట్టుకుంటాయి. 325 వోల్టులంటే పదిహేను వేల కంటే నయమని సిలికాన్ వాళ్లు అనుకుంటారు. బ్రిడ్జి వెనక 3,000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్లుంటే వాటిలో నిలువ ఉండే శక్తి 158 జౌళ్లు. గ్యాప్ కాయిల్ కెపాసిటర్‌లో ఉండేది 2. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా అది ప్రాణం తియ్యగలదు. గ్యాప్ పక్షంలో ఇంతకంటే ఘోరం, నియాన్ బోర్డుల పాత ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లు దొరకడం కరవై కొందరు మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్లు వాడటం. నియాన్ ట్రాన్స్‌ఫార్మర్ కరెంటును మిల్లీ ఆంపియర్లకు కట్టడి చేస్తుంది, అదీ ప్రమాదకరమే. మైక్రోవేవ్‌ది రెండు వేల వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంతకంటే ఎక్కువే ఇస్తుంది, ముట్టుకున్నవాడు బతకడం అరుదు. హై ఫ్రీక్వెన్సీ కరెంటు షాక్ కొట్టదన్న మాట కూడా నమ్మదగ్గది కాదు. నరాలకు తెలియకపోయినా లోపలి కండ కాలుతుంది. పైగా సెకనుకు వందల దెబ్బలుగా వచ్చే మెరుపును నరాలు గుర్తిస్తాయి కూడా.

మన దగ్గర ఈ వాదానికి ఒక తమాషా మలుపు ఉంది. తెలుగు రాష్ట్రాల సైన్స్ ఫెయిర్లలో టెస్లా కాయిల్ పేరుతో విద్యార్థులు పెట్టేది ఎక్కువగా స్లేయర్ ఎక్సైటర్: ఒక ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్, ఒక ఎల్‌ఈడీ, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, పీవీసీ గొట్టం మీద ఎనామెల్ తీగ. పక్కన పెట్టిన ట్యూబ్‌లైట్ తీగ తగలకుండానే వెలుగుతుంది. గ్యాప్ కాయిల్‌ను ఎన్నడూ చూడకుండానే వాళ్లు సిలికాన్‌తో మొదలుపెడుతున్నారు. సెకండరీ కింది కొసను ట్రాన్సిస్టర్ బేస్‌కు కలపడమే అందులోని కిటుకు, అంటే ఫీడ్‌బ్యాక్. పెద్ద కాయిల్ డ్రైవర్‌లో ఉన్న సూత్రమే అది. లేనివి రెండు: ప్రైమరీ అనునాదం, కరెంటు హద్దు. వాటి వైపు వెళ్లేవారికి కావలసిన భాగాలు కూడా మనకు పరాయివి కావు. ఐజీబీటీని అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో రూపొందించిన బి. జయంత్ బాలిగ మద్రాసులో పుట్టి, మద్రాసు ఐఐటీలో చదివినవాడు. ఆ కృషికే 2024లో మిలీనియం టెక్నాలజీ ప్రైజ్ అందుకున్నాడు. వంటింటి ఇండక్షన్ స్టవ్‌లో ఉండేది కూడా ఐజీబీటీ, కాయిల్, అనునాద కెపాసిటర్. అది 20, 30 కిలోహెర్ట్జ్ దగ్గర గిన్నెను వేడి చేస్తుంది. ఇలాంటి భాగాలు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగితే దొరికేవే. అయితే గల్లీలో కొన్న ఐజీబీటీ అసలుదో, పాతదానికి కొత్త నంబరు వేసిందో చూపుతో తేల్చలేం. అందుకే బ్రిడ్జి కట్టాక మొదటిసారే 230 వోల్టులు ఇవ్వరు. ఎలక్ట్రీషియన్లు వాడే సీరీస్ బోర్డులో వంద వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి దాని గుండా ఇస్తారు. డ్రైవర్ నిద్రలో ఉండగా బల్బు ఒక్క క్షణం వెలిగి, కెపాసిటర్లు నిండగానే ఆరిపోతే బ్రిడ్జి బాగున్నట్టు. ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఏదో ఒక ఐజీబీటీ షార్ట్ అయి ఉంటుంది. దాన్ని మార్చేదాకా బల్బును తీయకూడదు.